పాత స్ప్లెండర్‌కు ఇంటి దగ్గరే సైలెన్సర్ మార్చుకోవడం: విప్పడం నుంచి చివరి బిగింపు దాకా

పాత హీరో హోండా స్ప్లెండర్‌కు సైలెన్సర్‌ను ఇంటి దగ్గర మార్చుకోవచ్చా అని తరచుగా అడుగుతున్నవారికి నా సమాధానం ఇది: సైలెన్సర్ మార్చడం సులువే, ఇంజిన్ హెడ్ (సిలిండర్‌ను మూసే భాగం) దగ్గర సైలెన్సర్ పైపును పట్టి ఉంచే రెండు నట్లను విరగకుండా విప్పడమే కష్టం. ఆ రెండు నట్లు సవ్యంగా ఊడివస్తే మిగతా పని గంటలో ముగుస్తుంది. ఊడిరాకపోతే బండిని లేత్ షాపు దాకా తోసుకెళ్లాలి. అందుకే ఇక్కడ వాటికి ఎక్కువ చోటు ఇచ్చి, తక్కినవాటిని క్లుప్తంగా చెబుతున్నాను.

ఇందులో చెప్పినది కార్బురేటర్‌తో నడిచే పాత బళ్లకు వర్తిస్తుంది. సీడీ 100, ప్యాషన్ వంటివాటికి కూడా పద్ధతి దాదాపు ఇదే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బళ్లలో ఎగ్జాస్ట్‌కు ఆక్సిజన్ సెన్సర్, దాని వైరు ఉంటాయి కనుక ఈ సూచనలను యథాతథంగా వాటికి అన్వయించకండి.

1. జబ్బు సైలెన్సర్‌దేనా?

కొత్త సైలెన్సర్ కొనడానికి ముందు, చెడింది నిజంగా సైలెన్సరా, లేక హెడ్‌కూ బెండ్ పైపుకూ (హెడ్ నుంచి సైలెన్సర్‌కు వెళ్లే వంపు పైపు) మధ్య ఉండే ప్యాకింగ్ రింగా అన్నది తేల్చుకోవాలి. రింగు ఖరీదు సైలెన్సర్ ఖరీదులో చాలా చిన్న వంతు. చాలామంది రింగు పోతే సైలెన్సర్ మార్చి, పాత రింగునే మళ్లీ వాడి, శబ్దం తగ్గలేదని కొత్త సైలెన్సర్‌ను తిడుతుంటారు.

ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బండి స్టార్ట్ చేసి ఈ లక్షణాలను గమనించండి.

- ముందు వైపు, ఇంజిన్ కింద నుంచి టపటపమని శబ్దం వచ్చి, వేడెక్కాక కొంత తగ్గితే ప్యాకింగ్ రింగు పోయినట్టు.
- వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఫట్‌ఫట్‌మని పేలితే, చాలాసార్లు హెడ్ దగ్గరి అతుకులోంచి బయటి గాలి లోపలికి చొరబడుతున్నట్టు. ఈ లక్షణం కార్బురేటర్ సెట్టింగ్ వల్ల కూడా రావచ్చు.
- శబ్దం వెనక భాగం నుంచి బొంగురుగా వస్తూ, అడుగున తుప్పు రంధ్రాలు కనిపిస్తే సైలెన్సర్ గుల్ల అయినట్టు.
- చల్లారిన సైలెన్సర్‌ను పిడికిలితో తట్టినప్పుడు లోపల గలగలమంటే లోపలి పలకలు ఊడినట్టు. దీన్ని అతుకులతో బాగుచేయలేరు.
- నీలిరంగు పొగ వస్తుంటే ఇంజిన్‌లో ఆయిల్ మండుతున్నట్టు, నల్ల పొగ వస్తుంటే పెట్రోలు ఎక్కువగా పోతున్నట్టు. ఈ రెంటికీ సైలెన్సర్‌తో సంబంధం లేదు.

తుప్పు సాధారణంగా బయటి నుంచి కాక లోపలి నుంచే మొదలవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి దూరం వెళ్తే ఆ ఆవిరి వేడికి బయటికి పోతుంది. ఇంటి నుంచి రైతుబజారుకూ అక్కడి నుంచి ఇంటికీ మాత్రమే తిరిగే బండిలో అది సైలెన్సర్ వెనక భాగంలో నీరుగా మారి నిలిచిపోతుంది. అందుకే తక్కువ తిరిగిన బండి సైలెన్సరే ఒక్కోసారి ముందుగా చిల్లులు పడుతుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి బయటి నుంచి కూడా తన వంతు పని చేస్తుంది.

ఒక జాగ్రత్త: చాలా సైలెన్సర్లకు వెనక అడుగు భాగంలో నీరు కారడానికి కంపెనీయే ఒక చిన్న రంధ్రం పెడుతుంది. గుండ్రంగా, అంచులు నున్నగా ఉండే ఆ రంధ్రాన్ని చిల్లు అనుకుని పూడ్చకండి.

చిల్లు ఒక్కటే ఉండి చుట్టూ ఉన్న రేకు గట్టిగా ఉంటే, సైలెన్సర్‌ను విప్పి వెల్డింగ్ చేయించుకోవచ్చు. చల్లటి సైలెన్సర్ మీద స్క్రూడ్రైవర్ మొనతో చిల్లు చుట్టూ గట్టిగా నొక్కి చూడండి. రేకు లోపలికి దిగితే వెల్డింగ్ డబ్బులు దండగే, ఎందుకంటే పలుచబడిన రేకు మంటకే కరిగి చిల్లు పెద్దదవుతుంది. ఎపాక్సీ ముద్దలు పూయడం అంతకన్నా దండగ. అవి ఆ వేడికి మాడి రాలిపోతాయి.

2. ఏం కొనాలి, ఎలా చూసి కొనాలి

స్ప్లెండర్‌కు బెండ్ పైపు, సైలెన్సర్ కలిసి ఒకే వస్తువుగా వస్తాయి. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్‌గా మారింది కనుక ఇప్పుడు కొత్త పేరుతోనే విడిభాగాలు దొరుకుతాయి. పేరు మారిందని తటపటాయించకండి. చూడవలసింది మోడల్, తయారైన సంవత్సరం. తర్వాతి మోడళ్లలో కొన్నింటికి సైలెన్సర్ లోపల పొగను శుద్ధి చేసే జాలీ ఉంటుంది, కొన్నింటికి బెండ్ పైపు వంపు వేరు. అందుకే దుకాణానికి ఆర్‌సీ పట్టుకెళ్లండి, పాత సైలెన్సర్‌ను పక్క నుంచి ఫోనులో ఫొటో తీసి పట్టుకెళ్లండి.

కొనవలసినవి ఇవి:

- సైలెన్సర్
- హెడ్ దగ్గరి ప్యాకింగ్ రింగులు రెండు (ఒకటి ఇప్పుడు వాడటానికి, ఒకటి చేతిలో ఉంచుకోవడానికి)
- హెడ్ దగ్గరి నట్లు రెండు, వీలైతే స్టడ్లు (హెడ్‌లో దిగి ఉండి, నట్లు ఎక్కే మర కడ్డీలు) రెండు
- వెనక బిగింపు బోల్టు, వాచర్లు, ఉంటే రబ్బరు బుష్
- తుప్పు వదిలించే స్ప్రే ఒక డబ్బా
- వేడికి తట్టుకునే రాగి గ్రీజు చిన్న ట్యూబు

కంపెనీ సైలెన్సర్‌కూ స్థానికంగా తయారైనదానికీ ధరలో బాగా తేడా ఉంటుంది. స్థానికమైనవన్నీ చెడ్డవని నేను అనను, కానీ వాటిని కొనేటప్పుడు మూడు విషయాలు దుకాణంలోనే సరిచూసుకోవాలి. బెండ్ పైపు మూతి సమంగా, గుండ్రంగా ఉండాలి. ప్యాకింగ్ రింగు ఆ మూతి మీద ఊగకుండా కూర్చోవాలి. వెనక బ్రాకెట్ రంధ్రం స్థానం పాత ఫొటోతో సరిపోవాలి. చేత్తో ఎత్తి చూసినప్పుడు మరీ తేలికగా అనిపించేదాన్ని పక్కన పెట్టండి, రేకు పలుచనైతే రెండు వానాకాలాలకే గుల్లవుతుంది.

శబ్దం ఎక్కువ చేసే సైలెన్సర్ల గురించి అడగకండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 120వ నియమం ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. శబ్దం ఎక్కువ చేసేవాటిని పోలీసులు విప్పించి రోడ్డు రోలర్‌తో తొక్కించడం మన నగరాల్లో చూస్తూనే ఉన్నాం. అదీ కాక, పొగ దారి వెడల్పైతే కార్బురేటర్ జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు) దానికి తగినట్టు ఉండవు, ఇంజిన్‌లో గాలి పాళ్లు పెరిగి అది ఎక్కువ వేడెక్కుతుంది.

3. పనిముట్లు

- 10, 12, 14 రింగు పానాలు, వీటికి సరిపోయే గొట్టం పానాలు లేదా సాకెట్లు
- రాచెట్, దానికి పొడవైన ఎక్స్‌టెన్షన్ రాడ్డు
- సన్నటి ఇనుప బ్రష్, 120 నంబరు ఎమరీ పేపరు
- కటింగ్ ప్లేయర్, సన్నటి స్క్రూడ్రైవర్
- టార్చి లైటు, చిన్న అద్దం
- పాత గుడ్డలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు
- సైలెన్సర్ కింద పెట్టడానికి చెక్కదిమ్మ లేదా ఇటుక
- విప్పిన నట్లు వేయడానికి ఒక స్టీలు గిన్నె

హెడ్ దగ్గరి నట్లకు ఒకవైపు తెరిచి ఉండే పానాను ఎంతమాత్రం వాడకూడదు. అది నట్టును రెండు పక్కల మాత్రమే పట్టుకుంటుంది కనుక తుప్పుపట్టిన నట్టు మూలలు అరిగి గుండ్రంగా మారిపోతాయి. ఆరు పక్కలా పట్టే సాకెట్ మంచిది. పన్నెండు మూలల రింగు పానా తర్వాతి మాట.

ఏ నంబరు పానా పడుతుందో చూస్తే స్టడ్ లావు కూడా తెలిసిపోతుంది. 10 పడితే అది ఎం6 (6 మిల్లీమీటర్ల లావు) స్టడ్, 12 పడితే ఎం8 (8 మిల్లీమీటర్లు). ఈ సంగతిని గుర్తుంచుకోండి, బిగించేటప్పుడు ఎంత బలం వాడాలో దీన్నిబట్టే నిర్ణయించుకోవాలి.

4. ముందు రోజు సాయంత్రం చేయవలసినవి

ఈ పనిని ఆదివారం ఉదయం చేయదలచుకుంటే శనివారం సాయంత్రమే మొదలుపెట్టాలి.

స్ప్లెండర్‌లో సిలిండర్ దాదాపు పడుకున్నట్టు ముందుకు ఉంటుంది కనుక పొగ బయటికి వచ్చే పోర్టు నేలవైపు చూస్తుంది. ముందు చక్రం చిమ్మే బురద, వాననీరు నేరుగా ఆ రెండు నట్ల మీద పడతాయి. పదేళ్లపాటు బురద తిని, వేడికి కాలి, మళ్లీ తడిసిన నట్టు ఒక్క పట్టుకు ఊడిరావాలనుకోవడం అత్యాశ.

చేయవలసినవి వరుసగా:

- బండిని చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేసి నిలపండి. మట్టినేల అయితే స్టాండ్ కింద పలక పెట్టండి.
- ఇంజిన్ పూర్తిగా చల్లారాక, నట్ల చుట్టూ పేరుకున్న మట్టిని ఇనుప బ్రష్‌తో గీకి తీయండి. నట్టు కొసన బయటికి కనిపించే స్టడ్ మరలను కూడా శుభ్రం చేయాలి, లేకపోతే నట్టు సగం ఊడాక ఆ మకిలిలోనే ఇరుక్కుంటుంది.
- తుప్పు స్ప్రేను నట్టుకూ స్టడ్‌కూ మధ్య పడేలా కొట్టండి. నట్లు కిందికి చూస్తుంటాయి కనుక స్ప్రే కారిపోతుంది. దూదినో చిన్న గుడ్డ పేలికనో స్ప్రేలో తడిపి నట్టు చుట్టూ చుట్టి ఉంచితే రాత్రంతా నానుతుంది.
- వెనక బోల్టుకు కూడా ఇదే పని చేయండి.

స్ప్రే దొరకకపోతే కిరసనాయిలు, డీజిల్ కూడా పనికొస్తాయి, కాని ఎక్కువ సేపు నానాలి. ఏది వాడినా ఆ పేలికలను మర్నాడు ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు తీసి దూరంగా పడేయాలి, ఎందుకంటే అవన్నీ మండే వస్తువులే.

5. విప్పే క్రమం

ఉదయం పేలికలు తీసి, నట్లను తుడిచి, ఇంజిన్‌ను ఒకటి రెండు నిమిషాలు మాత్రమే నడపండి. తాకితే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఆ కాస్త వేడికి నట్టు సాగి పట్టు వదులుతుంది. ఇంజిన్‌ను ఆరుబయటే నడపాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో మూసిన వరండాలోనో వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక అది ఎక్కువవుతున్న సంగతి మనకు తెలియదు.

ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి.

మొదట వెనక బోల్టును ఒకటి రెండు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయకండి. వెనక వైపు వదులైతే సైలెన్సర్ స్టడ్లను లాగకుండా ఉంటుంది. పూర్తిగా తీసేస్తే దాని బరువంతా ముందున్న రెండు స్టడ్ల మీద పడుతుంది. ఈ రెంటి మధ్య తేడా చిన్నదిగా కనిపించినా, విరిగిన స్టడ్లలో చాలావాటికి ఈ బరువే కారణం. సైలెన్సర్ కింద చెక్కదిమ్మ పెట్టి ఆసరా ఇవ్వండి.

ఇప్పుడు హెడ్ నట్ల దగ్గరికి రండి. సాకెట్‌ను నట్టు మీద పూర్తిగా దించి, ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పండి. తుప్పు పగిలినప్పుడు టిక్కుమని చిన్న శబ్దం వినిపిస్తుంది లేదా చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి కొంచెం, మళ్లీ పావు చుట్టు, ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, మధ్యమధ్య స్ప్రే కొడుతూ రావాలి.

పానా తిరుగుతున్నది గాని మెత్తగా, రబ్బరును మెలిపెట్టినట్టు అనిపిస్తే వెంటనే ఆపండి. నట్టు కదలడం లేదు, స్టడ్ మెలిపడుతోంది. మళ్లీ స్ప్రే కొట్టి అరగంట వదిలేయండి. నేను ఒకసారి ఆ అరగంట ఆగలేక పానాకు పైపు తొడిగి లాగాను, ఆదివారం సాయంత్రం స్టడ్ చేతికొచ్చింది, సోమవారం ఉదయం బండిని లేత్ షాపుకు తోసుకుంటూ పోయాను. పానాకు పైపు తొడగాలనిపించిన క్షణమే పని ఆపవలసిన క్షణం అని అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం.

నట్టుతోపాటు స్టడ్ కూడా ఊడివస్తే కంగారు పడకండి. అది నష్టం కాదు, అదృష్టమే. మరలు బాగుంటే శుభ్రం చేసి మళ్లీ వాడవచ్చు, కొత్త స్టడ్ కొని ఉంటే ఇదే అదను.

రెండు నట్లూ వచ్చాక, పైపును ఒక చేత్తో పట్టుకుని వెనక బోల్టును పూర్తిగా తీయండి. కొన్ని బళ్లలో పైపు మూతి దగ్గర అర్ధచంద్రాకారంలో రెండు కాలర్ ముక్కలుంటాయి. అవి కింద పడి దొర్లకుండా గిన్నెలో వేసుకోండి. బెండ్ పైపు బ్రేక్ పెడల్ దగ్గర ఇరుక్కుంటే బలవంతంగా లాగకుండా, పెడల్‌ను చేత్తో కిందికి నొక్కి దారి చేసుకోండి. అప్పటికీ రాకపోతే ఫుట్‌రెస్ట్ కింది బోల్టులు వదులు చేయాలి, వాటిని తిరిగి బిగించడం మరవకండి. లెగ్‌గార్డ్ అడ్డొస్తే ముందే తీసేయడం మేలు.

6. స్టడ్ విరిగితే

విరిగిన స్టడ్ ముక్క హెడ్ నుంచి కనీసం అర సెంటీమీటరైనా బయటికి కనిపిస్తుంటే ఆశ ఉన్నట్టే. రాత్రంతా స్ప్రేలో నానబెట్టి, మర్నాడు గ్రిప్ ప్లేయర్‌తో గట్టిగా పట్టి ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తిప్పాలి. మరలు మిగిలి ఉంటే వాటి మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురు బిగించి, లోపలి నట్టును విప్పే వైపు తిప్పితే స్టడ్ దానితో వస్తుంది.

హెడ్‌తో సమానంగా తెగితే అక్కడితో ఆగిపోండి. ఇంటి డ్రిల్లుతో ప్రయత్నించకండి. హెడ్ అల్యూమినియం, స్టడ్ ఉక్కు. డ్రిల్లు మొన ఎప్పుడూ మెత్తటి లోహం వైపే జారుతుంది, రంధ్రం వంకరవుతుంది, హెడ్ పోతుంది. లేత్ షాపులో నడిమధ్యన రంధ్రం వేసి ముక్కను తీస్తారు, మర చెడితే కొత్త మర తొడుగు వేస్తారు. ఎక్కువ సందర్భాల్లో బండిని అక్కడికి తీసుకెళ్తే సరిపోతుంది, హెడ్ విప్పవలసిన అవసరం రాదు. సైలెన్సర్ లేకుండా ఇంజిన్ నడుపుకుంటూ మాత్రం వెళ్లకండి, తోసుకెళ్లండి లేదా ఆటో ట్రాలీలో వేయండి.

7. పాత రింగు, పోర్టు

పాత రింగు కాలి, నల్లబడి, పోర్టు అంచులో కలిసిపోయి అది హెడ్‌లో భాగమేమో అన్నట్టు కనిపిస్తుంది. రింగు లేదు అనుకుని దాని మీదే కొత్తది పెట్టడం ఈ పనిలో నేను ఎక్కువగా చూసిన తప్పు. అప్పుడు రెండు రింగులూ సరిగా కూర్చోవు, పైపు వంకరగా నిలుస్తుంది, పొగ కారుతుంది.

అద్దం కింద పెట్టి టార్చి వెలుగులో చూడండి. గోటితో గీస్తే పోర్టు అంచు లోపల మెట్టులాంటి గీత తగిలితే రింగు అక్కడే ఉన్నట్టు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక్క చోట రింగును లోపలి వైపు మడిచి, ప్లేయర్‌తో పట్టి లాగితే వస్తుంది. అల్యూమినియం అంచును గీకకండి, అక్కడ పడిన గీత నుంచే పొగ కారుతుంది.

శుభ్రం చేసేటప్పుడు పోర్టులోకి గుడ్డ కూరి, దాని కొసను ఒక జానెడు బయటికి వేలాడేటట్టు ఉంచండి. లోపల మరచిపోకుండా ఉండటానికే ఆ తోక. రింగు కూర్చునే గాడిని మెత్తగా ఎమరీతో రుద్ది, తుడిచి, గుడ్డ తీసేయండి.

స్టడ్ మరలను ఇనుప బ్రష్‌తో శుభ్రం చేసి, కొత్త నట్టును చేత్తో చివరిదాకా తిప్పి చూడండి. చేత్తో సాఫీగా వెళ్లకపోతే పానాతో వెళ్లించే ప్రయత్నం చేయకండి. మరలు బాగుచేసుకోవాలి లేదా స్టడ్ మార్చాలి.

8. బిగించే క్రమం

విప్పేటప్పుడు వెనక నుంచి ముందుకు వచ్చాం. బిగించేటప్పుడు ముందు నుంచి వెనక్కి వెళ్లాలి. దీన్ని తారుమారు చేసి వెనక బోల్టును ముందే గట్టిగా బిగిస్తే, పైపు మూతి పోర్టుకు ఎదురుగా రాకుండా ఓరగా నిలుస్తుంది. నట్లు బిగించి దాన్ని బలవంతంగా లాక్కొస్తాం. అప్పుడు మూతి ఒక పక్క కూర్చుని మరోపక్క తేలుతుంది, ఇంజిన్ అదురుకు కొన్ని నెలల్లో బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ పగులుతుంది.

- కొత్త సైలెన్సర్‌ను బండి పక్కన పట్టి, బ్రాకెట్ రంధ్రాలు సరిపోతున్నాయేమో ఉత్తినే పోల్చి చూడండి.
- కొత్త రింగుకు ఒక పక్క చిటికెడు గ్రీజు రాసి పోర్టులో అంటించండి. పోర్టు నేలవైపు చూస్తుంది కనుక గ్రీజు లేకపోతే రింగు జారి పడిపోతుంది. ఆ గ్రీజు మొదటిసారి నడిపినప్పుడు కాలిపోతుంది.
- స్టడ్ మరలకు రాగి గ్రీజు పలుచగా రాయండి. ఈసారి విప్పేవారు మీకు దండం పెడతారు, ఆ విప్పేది మీరే కావచ్చు.
- పైపు మూతిని రింగు మీద కూర్చోబెట్టి, కాలర్ ముక్కలుంటే వాటిని వాటి చోట అమర్చి, రెండు నట్లనూ చేతి వేళ్లతో మాత్రమే బిగించండి. దీనికి పక్కన ఇంకొకరు వెనక భాగాన్ని పట్టుకుంటే పని తేలిక.
- వెనక బోల్టును వాచర్లతో సహా ఎక్కించి, వేళ్లతో మాత్రమే బిగించండి.
- సైలెన్సర్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపి, పెడల్‌కూ స్టాండ్‌కూ చక్రానికీ తగలకుండా సర్దండి.
- ఇప్పుడు హెడ్ నట్లను ఒకటి పావు చుట్టు, రెండోది పావు చుట్టు, మార్చిమార్చి బిగించండి. రెండు పక్కలా సందు సమానంగా తగ్గుతూ రావాలి.
- చివరగా వెనక బోల్టును గట్టిగా బిగించండి.

ఎంత బలంతో బిగించాలన్న ప్రశ్నకు టార్క్ పానా (బిగించే బలాన్ని కొలిచి చూపే పానా) ఉన్నవారికి సమాధానం సులువు: ఎం6కు సుమారు 10 న్యూటన్ మీటర్లు, ఎం8కు అంతకు రెట్టింపుకు కాస్త పైన. అది లేనివారు ఇలా ఊహించుకోవచ్చు: నట్టుకు 10 సెంటీమీటర్ల దూరంలో పానాను పట్టుకుని, 10 కిలోల బియ్యం సంచి అక్కడ వేలాడితే ఎంత బలం పడుతుందో అంతే ఎం6కు చాలు. భుజం బలం అక్కర్లేదు, మణికట్టు బలం చాలు. కొత్త రింగు నలుగుతున్న కొద్దీ నట్టు మెత్తగా తిరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా గట్టిపడుతుంది. అక్కడ ఆపాలి.

బండి స్టార్ట్ చేయడానికి ముందు సరిచూసుకోండి:

- పోర్టులో కూరిన గుడ్డ బయటికి తీశారా?
- గిన్నెలో నట్లు, వాచర్లు ఏమైనా మిగిలాయా?
- బ్రేక్ పెడల్ నొక్కితే పూర్తిగా కిందికి దిగి, వదిలితే వెనక్కి వస్తోందా? వెనక బ్రేకు లైటు వెలుగుతోందా?
- కిక్ కొట్టే కడ్డీ సైలెన్సర్‌కు తగలకుండా తిరుగుతోందా?
- సైలెన్సర్ మీద చేతి మరకలు, గ్రీజు తుడిచారా? క్రోమ్ మీద వేలిముద్రలు మొదటి వేడికే కాలి శాశ్వతంగా నిలిచిపోతాయి.

9. పరీక్ష

ఆరుబయట ఇంజిన్ స్టార్ట్ చేయండి. మొదటి పది పదిహేను నిమిషాలు కొత్త సైలెన్సర్ ఒంటి నుంచి పొగ, మాడు వాసన వస్తాయి. తయారీలో పూసిన నూనె, రాసిన గ్రీజు కాలడమే దానికి కారణం. ఆ తర్వాత కూడా ఆగకపోతేనే ఆలోచించాలి.

చల్లగా ఉన్న మొదటి నిమిషంలోనే లీకు పరీక్ష చేయాలి. తడి గుడ్డను నాలుగు మడతలు వేసి, చేతి తొడుగుతో, సైలెన్సర్ వెనక మూతికి రెండు మూడు సెకన్లు అడ్డం పెట్టండి. అతుకు బాగుంటే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోవడానికి వస్తుంది. ఆగకుండా ముందు వైపు నుంచి బుస్సుమని శబ్దం వస్తే హెడ్ దగ్గర లీకు ఉన్నట్టే. లీకు ఎటువైపో తెలియడానికి, ఇంకా వేడెక్కకముందే అతుకు చుట్టూ సబ్బు నురుగు రాస్తే బుడగలు లేస్తాయి.

బండిని పది కిలోమీటర్లు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, హెడ్ నట్లను మళ్లీ ఒకసారి పానాతో చూడండి. రింగు వేడికి ఇంకా నలిగి ఉంటుంది కనుక నట్లు ఎనిమిదో వంతు చుట్టు తిరగడం సహజం. వేడి మీద బిగించకండి.

10. సమస్య మిగిలిపోతే

హెడ్ దగ్గర శబ్దం పోకపోతే నట్లను ఇంకా బిగించాలని చేయి లాగుతుంది. లాగనివ్వకండి. వెనక బోల్టు వదులు చేసి, నట్లు వదులు చేసి, రింగు ఓరగా కూర్చుందేమో చూడండి. ఒకసారి నలిగిన రింగును మళ్లీ వాడకూడదు, రెండోది కొనమన్నది ఇందుకే.

అతుకు చుట్టూ మర్నాడు నల్లటి మసి గీత కనిపిస్తే, శబ్దం లేకపోయినా అక్కడ లీకు ఉంది. గీత ఒక పక్కే ఉంటే ఆ పక్క నట్టు తక్కువగా బిగిసింది.

ఖాళీ నడకలో (బండి నిలిచి ఉండి ఇంజిన్ మాత్రమే తిరుగుతున్నప్పుడు) గలగలమంటే లోపల ఏమీ ఊడకపోవచ్చు. బ్రాకెట్‌కూ ఫ్రేముకూ మధ్య వాచరు వేయడం మరచి ఉంటారు లేదా హీట్ గార్డ్ స్క్రూ వదులై ఉంటుంది. వేలితో ఒక్కోదాన్నీ కదిపి చూస్తే దొరుకుతుంది.

అతుకు సవ్యంగా ఉన్నా యాక్సిలరేటర్ వదిలినప్పుడు పేలుతుంటే కార్బురేటర్‌లో గాలి పాళ్లు సరిచేయించాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం పరీక్ష చేయించే ముందు ఈ లీకులన్నీ పోయి ఉండాలి. 2000 మార్చి తర్వాత తయారైన పాత తరం ఫోర్ స్ట్రోక్ బళ్లకు ఖాళీ నడకలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం మించకూడదు. సైలెన్సర్‌లో చిల్లు ఉంటే బయటి గాలి కలిసి లెక్క తప్పుగా వస్తుంది, అది ఇంజిన్ అసలు స్థితిని దాచిపెడుతుంది.

11. ఆ తర్వాత

వారానికి ఒక్కసారైనా బండిని ఏకబిగిన అరగంట నడిపితే లోపలి నీరు ఆవిరై పోతుంది. వానాకాలంలో ఆ రెండు నట్ల మీద పేరుకున్న బురదను నెలకోసారి కడిగి తుడవండి. ఆరు నెలలకోసారి కొస మరలకు కొంచెం రాగి గ్రీజు రాయండి.

పాత సైలెన్సర్‌ను వెంటనే పాత ఇనుము వాడికి వేయకండి. కొత్తది కనీసం ఓ నెల సవ్యంగా పనిచేసేదాకా మూలన ఉంచండి. దాని కాలర్ ముక్కలు, బ్రాకెట్ వాచర్లు బాగుంటే తీసి దాచుకుని, మిగతాది తూకానికి వేయండి.